స్టేజీ రిటర్ను

తెల్లవారి నాలుగుంపావుకి
కందుకూరు డిపోలో బండ్లింకా నిద్రలో ఉంటాయి.
నేను చిన్న తెల్ల బిళ్ల వేసుకుని, నీళ్లు తాగి
గంట లెక్క పెట్టుకుంటాను.
అందాకా టీ ముట్టకూడదు.
మాలకొండయ్య తన గ్లాసు పట్టుకుని
ఆవిరి నా వైపు రాకుండా పక్కకు తిరిగి తాగుతాడు.
డ్రైవర్లకు తెలిసిన మర్యాద అది.

మే నెల. ఓగూరు దాటేసరికి
కిటికీ ఊచ ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది.
ఖాకీ కోటు కింద నాకు స్వెట్టరు.
"ఏందక్కా, ఇది ఊటీ బస్సా?" అంటారు
వెనక సీట్లో కాలేజీ పిల్లలు.
నేనూ నవ్వుతాను.
నవ్వు మొహందాకా రావటానికి
రెండు స్టేజీలు పడుతుంది.

దువ్వెనకొచ్చిన జుట్టంతా దాచిపెట్టాను.
సవరాలకు కొనేవాడు తూకం వేసి
స్టీలు గిన్నె ఇచ్చిపోయాడు.
రిపోర్టులో లేనిది
గిన్నెడు ఉందని అప్పుడు తెలిసింది.

మూడు పాయింట్ తొమ్మిది.
పక్కనే సన్నటి అక్షరాల్లో: సున్నా పాయింట్ నాలుగు నుంచి
నాలుగు పాయింట్ రెండు దాకా.
ఒంగోల్లో డాక్టరు పెన్నుతో టిక్కు కొట్టి
"నార్మల్. ఆలోచనలు తగ్గించండి" అన్నాడు.
మా ఆయన యాకోబు
"నార్మలంట గదా, ఇంకేంది?" అన్నాడు.
పాస్టరుగారు నెత్తిన చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు.
ఆ చెయ్యి వెచ్చగా ఉంది.
ఆమెన్ అన్నాక కూడా తల తీయబుద్ధి కాలేదు.

మా కందుకూరుని ఒంగోలు జిల్లా అన్నారు.
ఒకరోజు పొద్దున్నే లేచేసరికి నెల్లూరు అన్నారు.
బోర్డుల మీద రంగు మారింది.
ఊరు మాత్రం యాడికీ పోలా.
నాలుగు పాయింట్ రెండు దగ్గర గీత గీసినవాడు
ఎప్పుడన్నా నా బస్సెక్కాడా?
ఎక్కితే ఏ స్టేజీలో దిగాడు?

మిషన్లు రాకముందు
ప్రతి స్టేజీకీ ఎస్సార్ రాసేవాళ్లం,
ఏ నంబరు టికెట్ దగ్గర ఉన్నామో.
మిగిలిపోయిన కాగితాలు సంచీలో ఉంటే
వాటి మీద నన్ను రాసుకోవటం మొదలుపెట్టాను.

కందుకూరు: చేతులు మంచుగడ్డలు.
ఓగూరు: చిల్లర రెండుసార్లు తప్పింది.
సింగరాయకొండ: నిలబడే కునుకు.
టంగుటూరు: ఊరి పేరు మరిచిపోయాను,
పదహారేళ్లుగా అరుస్తున్న పేరు.
టోల్‌గేటు: ఏడుపొచ్చింది. ఎందుకో రాయటానికి ఏం లేదు.
ఒంగోలు: కలెక్షన్ సరిపోయింది. పైసా తేడా లేదు.

ఇరవై ఒక్క రోజులు రాశాను.

పెద్దాసుపత్రిలో కొత్తగా వచ్చిన నస్రీన్ డాక్టరమ్మ
ఆ కాగితాలన్నీ చదివింది. బయట లైను గొణుగుతోంది.
లేచొచ్చి గొంతు మీద రెండు వేళ్లు ఆనించి
"మింగండి" అంది.
మూడేళ్లలో నా గొంతు ముట్టుకున్న మొదటి మనిషి.
ఉమ్మి లేక ఊరికే మింగాను.
"మరి ఎందుకమ్మా ఇట్లా?" అన్నాను.
ఆమె కళ్లజోడు తీసింది.
"నాకు తెలీట్లేదు ఎస్తేరమ్మా.
రక్తంలో ఐరన్ చూద్దాం, విటమిన్లు చూద్దాం,
నిద్ర సంగతి అడగాలి. ఇంకా వెతుకుదాం.
వీటి జెరాక్సు ఒకటి నాకిస్తారా?"

పేజీకి రెండు రూపాయలు, నలభై రెండు.
అన్నీ చిల్లరే ఇచ్చాను.

తిరుగు బండిలో చలి చలిగానే ఉంది.
టంగుటూరు వచ్చింది, పేరు గుర్తొచ్చింది,
గొంతే రాలేదు.
రెండు రూపాయల బిళ్లతో కమ్మీ మీద కొట్టాను.
అద్దంలో నన్ను చూసి
మాలకొండయ్య తనే అరిచాడు:
"టంగుటూరోళ్లు దిగండబ్బా!"

బుట్టతో ఒకామె దిగింది.
నలుగురెక్కారు.
కాగితం తీసి రాసుకున్నాను,
నలుగురని, గొంతు లేదని,
టైము ఐదూ పదని.